మైలాపూరులో చాకలి పద్దు, వాషింగ్ మెషిన్

పోయిన ఆదివారం మన సంఘం సమావేశం అయ్యాక కాఫీ తాగుతుంటే, కొత్తగా చేరిన ఒక అమ్మాయి నన్ను పక్కకు పిలిచి, "పిన్నిగారూ, వాషింగ్ మెషిన్ కొనాలి. ముందు తలుపుదా, పైమూతదా? ఏది తీసుకోమంటారు?" అని అడిగింది. లజ్ దగ్గర అద్దె ఫ్లాటు, పై అంతస్తు, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పుల అత్తగారు. రెండు ముక్కల్లో చెప్పేద్దామనుకున్నాను. ఇంటికొచ్చాక మా అమ్మ ట్రంకుపెట్టెలోని ఒక నోటు పుస్తకం గుర్తొచ్చింది. దాంతో సంగతి పొడుగైంది. మెషిన్ విషయం మాత్రమే కావలసినవాళ్లు సగానికి పైన దాటేసి కింద వెతుక్కోండి, నేనేమీ అనుకోను.

ఆ పుస్తకం చాకలి పద్దు. ఇప్పటి పిల్లలకు ఈ మాట తెలిస్తే, విసుగెత్తించే జాబితా అనే అర్థంలోనే తెలుసు. "ఏమిటా చాకలి పద్దు, అసలు సంగతి చెప్పు" అంటాం కదా, అది. కానీ నిజంగా చాకలి పద్దు అంటే ప్రతి ఇంట్లో ఇల్లాలు రాసుకునే లెక్క. ఏ తారీఖున ఎన్ని పంచెలు, ఎన్ని చీరలు, ఎన్ని దుప్పట్లు వేశాం, ఎన్ని తిరిగొచ్చాయి, ఎంత ఇచ్చాం, ఎంత బాకీ. మా అమ్మది 1974లో మొదలై 1993లో ఆగిపోయింది. దస్తూరీ మొదట ముత్యాల్లా ఉంటుంది, చివరికి వచ్చేసరికి పెన్సిలు గీతలు. మైలాపూరులో ఒక ఇంట్లోకి వాషింగ్ మెషిన్ ఎలా వచ్చిందో చరిత్ర రాయాలంటే ఇంతకంటే మంచి కాగితం నాకు దొరకలేదు.

మా నాన్నగారు నెల్లూరు నుంచి ఉద్యోగానికి మద్రాసు వచ్చినవారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక చాలామంది సామాన్లు సర్దుకుని కర్నూలు వెళ్లారు, మావాళ్లు ఇక్కడే ఉండిపోయారు. మాడ వీధుల వెనక సందులో నాలుగు పోర్షన్ల ఇల్లు. నాలుగిళ్లకీ కలిపి ఒకటే బావి, ఒకటే ఉతుకుడు బండ. రోజువారీ బట్టలు ఆడవాళ్లే ఉతుక్కునేవారు. పంచెలు, దుప్పట్లు, ఆఫీసు చొక్కాలు, మైల బట్టలు చాకలికి వెళ్లేవి. (మైల బట్టలకీ మైలాపూరుకీ చుట్టరికం లేదు. ఇది నెమళ్ల ఊరు, తమిళంలో మయిల్ అంటే నెమలి. నా చిన్నప్పుడు నెల్లూరు బంధువులు వచ్చినప్పుడల్లా ఇదే హాస్యం ఆడేవారు, అందుకని ముందే చెప్పేస్తున్నాను.)

ఆయన అడయారు వైపు నుంచి వచ్చేవారు. బెసంట్ నగర్ పక్కన వణ్ణాన్‌తురై అని బస్ స్టాపు ఇప్పటికీ ఉంది చూడండి, ఆ మాటకు అర్థం చాకిరేవే. సైకిలు వెనక కొండంత మూట. మాతో తెలుగే మాట్లాడేవారు, మా తెలుగు కంటే కొంచెం పాతకాలపు తెలుగు. మా అమ్మను "అమ్మగారూ" అనేవారు. ముప్పై ఏళ్లయినా దాటని మా అమ్మ, తన తండ్రి వయసున్న ఆయన్ని పేరు పెట్టి "నువ్వు" అని పిలిచేది. అప్పట్లో మాకెవరికీ అది వింతగా అనిపించలేదు. ఆయన పేరు ఇక్కడ రాయను, వాళ్ల మనవడు మా వీధిలోనే ఉన్నాడు.

ఆయన పనితనం గురించి కొంచెం చెప్పాలి, తర్వాత మెషిన్ సంగతికి అది అవసరం. బట్టను ముందు చౌడు నీళ్లలో నానబెట్టేవారు. చౌడులో ఉండేది సోడాక్షారం, ఇప్పటి డిటర్జెంట్ పొడిలోనూ అదే ఉంటుంది. తర్వాత బానలో పేర్చి కింద మంట పెట్టి ఆవిరికి ఉడకబెట్టడం. తర్వాత బండ మీద బాదడం. చేత్తో రుద్దితే పోని మురికి, తడిసి బరువెక్కిన బట్ట ఎత్తు నుంచి పడ్డప్పుడు పోతుంది. తర్వాత జాడించడం, నీలిమందు, గంజి, ఎండ. ఏ ఇంటి బట్ట ఏదో కలగకుండా నల్లజీడి రసంతో అంచు మీద గుర్తు. మా ఇంటి గుర్తు రెండు చుక్కలు, ఒక అడ్డగీత. ఆ గుర్తు బట్ట చిరిగినా పోయేది కాదు. వందలాది బట్టల్లో మా అమ్మ పద్దుకు ఒకటి తక్కువ వచ్చిందంటే చాలా అరుదు, పుస్తకంలో పంతొమ్మిదేళ్లలో నాలుగుసార్లు మాత్రమే "తువాలు 1 రాలేదు" అని ఉంది.

ఈ విద్య మద్రాసుకు కొత్త కాదు. నిజానికి ఈ పట్నం పుట్టిందే బట్ట కోసం. 1639లో దామెర్ల నాయకుల దగ్గర ఇసుక తీరం సంపాదించి ఇంగ్లీషు కంపెనీ కోట కట్టుకున్నది ఇక్కడి నూలు బట్ట కొని ఓడలకెక్కించడానికి. మగ్గం మీద నుంచి దిగిన బట్ట తెల్లగా ఉండదు, గంజితో, మురికితో గోధుమరంగులో ఉంటుంది. దాన్ని తెల్లబరచందే లాంగ్‌క్లాత్‌గా అమ్ముడుపోదు, కలంకారీ అద్దకానికీ పనికిరాదు. అంటే నేతగాడి తర్వాత కంపెనీకి అంత అవసరమైన మనిషి చాకలి. కోటకు ఉత్తరాన వాళ్లు స్థిరపడ్డ చోటే వణ్ణారపేట, ఇంగ్లీషులో వాషర్‌మన్‌పేట, మన పెద్దల నోట చాకలిపేట. 1734లో సుంకురామ చెట్టి తోట స్థలంలో చింతాద్రిపేట వేసినప్పుడు కూడా నేతవాళ్లతోపాటు బట్టలు తెల్లబరిచేవాళ్లకు ఇళ్లస్థలాలు ఇచ్చారు. చిన తరి పేట, చిన్న మగ్గాల పేట. ఉత్తర మద్రాసు మగ్గాల నడుమ నుంచి వచ్చిన మన పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు తర్వాత త్యాగరాయ నగర్‌కు పెట్టారు. ఇవాళ మెషిన్ కొనాలంటే మనం పరిగెత్తేది ఆ టి.నగర్‌కే.

దుబాసీల గురించి, నేతగాళ్ల గురించి, కోట గవర్నర్ల గురించి మన సంఘంలోనే ఎన్ని ప్రసంగాలు విన్నామో. బట్ట తెల్లబరిచినవాళ్ల మీద ఒక్కటీ వినలేదు. నన్నడిగితే అది మరుపు కాదు, మనకు ఇష్టంలేకపోవడం. చాకలి అనే మాట రాయడానికే కొందరు జంకుతారు, రజకులు అనమంటారు. వాళ్ల భావం నాకర్థమవుతుంది. కానీ పాలకుర్తి నేల కోసం దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన ఐలమ్మను చాకలి ఐలమ్మ అనే గుర్తుపెట్టుకున్నాం, 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆ పేరే పెట్టారు. మాటలో తప్పు లేదు, మనం పిలిచిన గొంతులోనే ఉంది.

ఇక మెషిన్. అమెరికాలో 1937లో బెండిక్స్ వాళ్లు ఇంటికి పనికొచ్చే మొదటి ఆటోమేటిక్ మెషిన్ అమ్మకానికి తెచ్చారు. ముందు తలుపుదే. అదిరిపోకుండా నేలకు బోల్టులు వేసి బిగించాల్సి వచ్చేది. మన దగ్గరికి ఆ సంగతి చేరడానికి యాభై ఏళ్లు పట్టింది. ఈలోగా మనకు వచ్చింది సబ్బూ, పొడీ. సన్‌లైట్ సబ్బు 1888లోనే కలకత్తా రేవులో దిగింది. 1959లో సర్ఫ్ వచ్చింది. బకెట్‌లో నురగ వచ్చాక, చాకలికి వేసే బట్టలు మొదటిసారి తగ్గాయని మా అమ్మ చెప్పేది. అంటే పని తగ్గలేదు, రేవు నుంచి మా అమ్మ చేతుల్లోకి మారింది. అమెరికాలో రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో ఒక పుస్తకమే రాసింది, ఇంటి యంత్రాలు ఇల్లాలి పనిని తగ్గించకపోగా పెంచాయని. లాండ్రీకి పోయే బట్టలు మెషిన్ రాగానే ఇంటికి తిరిగొచ్చాయట. ఆ పుస్తకం చదివినప్పుడు నాకు మా పెరటి బండ కనిపించింది.

1980ల చివర్లో దూరదర్శన్‌లో వీడియోకాన్ మెషిన్ ప్రకటన రాని సాయంత్రం లేదు. అదే రోజుల్లో వర్ల్‌పూల్ వాళ్లు టీవీఎస్ సంస్థతో కలిసి పాండిచ్చేరిలో ఫ్యాక్టరీ పెట్టారు. మైలాపూరులో అప్పటికే వివేక్ అండ్ కో ఉంది. 1965లో ఇక్కడే చిన్న దుకాణంగా మొదలై, తర్వాత జనవరి ఒకటి అమ్మకానికి తెల్లవారకముందే జనం బారులు తీరేంత పెద్దదయింది. కొత్త సంవత్సరం అంటే మా వీధిలో కొందరికి గుడి, కొందరికి ఆ క్యూ. ఇంకొందరికి రెండూ.

మా ఇంటికి మెషిన్ వచ్చింది 1990 జనవరిలో. రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్. ఒక తొట్టిలో ఉతుకు, రెండోదానిలో పిండుడు. పెద్ద చర్చ ఏమిటంటే, మడి. మా బామ్మ అప్పటికి బతికే ఉంది. చాకలి ఉతికి, ఎండబెట్టి, మడతపెట్టి తెచ్చిన పంచెను ఆవిడ మళ్లీ బావి దగ్గర తడిపి, కర్రతో పైదండెం మీద ఆరేసి, అప్పుడు మడి అనేది. శుభ్రం చేసి తెచ్చిన మనిషి ముట్టుకున్నాడు కనుక! మెషిన్‌లో ఉతికినవి మడికి పనికొస్తాయా అని రెండు రోజులు ఇల్లంతా తర్జనభర్జన. చివరికి ఆవిడే తేల్చింది: "నీళ్లు మన బావివే, మీట నొక్కింది మన చెయ్యే. పనికొస్తాయి." ఎవరో ముక్కూమొహం తెలియని ఫ్యాక్టరీ కార్మికులు బిగించిన ప్లాస్టిక్ తొట్టికి రెండు రోజుల్లో దొరికిన మడి, పాతికేళ్లు మా బట్టలు మోసిన మనిషికి దొరకలేదు. మా బామ్మ చెడ్డది కాదు. ఆయన కూతురి పెళ్లికి తన చీర, పసుపు కుంకుమ ఇచ్చి పంపిన మనిషే. రెండూ నిజమే.

పద్దు ఏం చెబుతోందో చూడండి. 1989 నవంబరులో 94 బట్టలు. 1990 మార్చిలో 41. మరుసటి ఏడాది జూన్‌లో 12, అన్నీ దుప్పట్లు, తెరలు. ఇక నీ పని వద్దు అని మా అమ్మ ఆయనతో ఎప్పుడూ అనలేదు. మెషిన్ కొన్నామని కూడా చెప్పలేదు. వారానికి రెండు వరసల చొప్పున పద్దు తగ్గించుకుంటూ పోయింది. ఆయనా అడగలేదు. పెరట్లోంచి పిండుడు తొట్టి చప్పుడు వినబడుతుంటే, గుమ్మం దగ్గర నిలబడి నాలుగు దుప్పట్లు లెక్కపెట్టుకుని వెళ్లేవారు. 1993 ఆగస్టు తర్వాత పేజీలు ఖాళీ.

అలాగని మెషిన్ వద్దనడం లేదు. మా అమ్మకు ముప్పై ఐదేళ్లకే మణికట్టు నొప్పులు. తడి దుప్పటి పిండుతుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆ తొట్టి వచ్చాక మధ్యాహ్నం పూట పత్రిక చేతిలో పట్టుకుని కూర్చోవడం మొదటిసారి చూశాను. ఆ గంటన్నర విశ్రాంతి అబద్ధం కాదు. మెషిన్‌ను తిట్టే మగవాళ్లు ఎవరైనా మన సంఘంలో ఉంటే, ముందు ఒక నెల ఇంటి దుప్పట్లు చేత్తో ఉతికి చూపించి ఆ తర్వాత మాట్లాడవచ్చు.

మైలాపూరులో మెషిన్ కథ నడిచేది మాత్రం కరెంటు మీద కాదు, నీళ్ల మీద. మనది సముద్రం పక్క ఊరు, ఎక్కువ తోడితే భూగర్భం ఉప్పెక్కుతుంది. తీరం ఇసుక కనుక వాన పడితే తొందరగా తేరుకుంటుంది కూడా. 2003లో ప్రతి ఇంటికీ వాననీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి చేశాక మా బావి నీళ్లు నోట పెట్టుకోగలిగేలా అయ్యాయి. ఇక కుళాయి నీళ్లలో మన కృష్ణమ్మ వాటా ఉంది. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు మద్రాసుకు వదలడానికి ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎమ్జీఆర్ కలిసి తెలుగుగంగను ముందుకు నడిపారు. శ్రీశైలం, సోమశిల, కండలేరు దాటి ఆ నీళ్లు పూండి చేరింది 1996లో. ఆ ఏడాది మా గుంటూరు పిన్ని వచ్చి కుళాయి తిప్పి, "మా కృష్ణ నీళ్లతో మీరు దుప్పట్లు ఉతుక్కుంటున్నారన్నమాట!" అంది. నవ్వుతూనే అన్నా, నాకు మాత్రం గుచ్చుకుంది.

2019 వేసవి మీకందరికీ గుర్తుండే ఉంటుంది. చెరువులన్నీ ఎండిపోయి, జూలైలో జోలార్‌పేట నుంచి రైలు మీద నీళ్లు తెచ్చారు. మా అపార్టుమెంటులో మెషిన్లు వాడకూడదని తీర్మానం చేశాం. నాలుగు నెలలు మెషిన్ మీద గుడ్డ కప్పి, దాని మీద పూలకుండీ పెట్టాను. పెద్ద బట్టలు మూటకట్టి మళ్లీ ఇస్త్రీ బండి దగ్గరికే తీసుకెళ్లాం. ఆ బండి మన పద్దు మనిషి మనవడిది. వాళ్ల చుట్టాలు పనిచేసే దోభీఖానాలో ఉతికించి తెచ్చాడు. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ నా చేత్తో "దుప్పట్లు 4, తెరలు 6" అని రాసుకున్నాను, ఈసారి ఫోన్‌లో.

అమ్మాయీ, ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను. ముందు తలుపు మెషిన్ చేసేది అచ్చంగా రేవులో పనే. డ్రమ్ము బట్టను పైకెత్తి కిందికి పడేస్తుంది, అది బండ మీద బాదుడు. లోపలి హీటరు బాన. పొడిలోని సోడా చౌడు. అందుకే తక్కువ నీళ్లతో ఎక్కువ మురికి వదులుతుంది. ఏడు కిలోల మెషిన్ ఒక వాయికి సుమారు 50 నుంచి 70 లీటర్లు తీసుకుంటుంది. పైమూతది బట్టను నీళ్లలో ముంచి తిప్పుతుంది, అది మనం బకెట్‌లో జాడించే పద్ధతి, నీళ్లు దాదాపు రెండింతలు. నీళ్ల లెక్క ప్రకారం మన ఊరికి ముందు తలుపుదే సబబు.

కానీ నీ ఫ్లాటు చూడాలి. పై అంతస్తు అన్నావు. ట్యాంకు నేరుగా నీ నెత్తి మీదే ఉంటే నీళ్లకు వత్తిడి ఉండదు. పది మీటర్ల ఎత్తు నీళ్లుంటే ఒక బార్ వత్తిడి, చాలా మెషిన్లు కనీసం 0.3 బార్ అడుగుతాయి, అంటే కుళాయి మీద మూడు మీటర్ల ఎత్తున నీళ్లు ఉండాలి. లేకపోతే మెషిన్ నీళ్ల కోసం ఎదురుచూస్తూ నిలబడిపోతుంది, లేదా చిన్న పంపు పెట్టుకోవాలి. కొనకముందే బకెట్ పెట్టి కుళాయి తిప్పి చూడు, ఎంతసేపటికి నిండుతుందో దుకాణంవాడికి చెప్పు. రెండోది, బోరు నీళ్లయితే అందులోని సున్నం హీటరుకు పట్టుకుంటుంది. వేడినీళ్ల వాయి అవసరమైనప్పుడే పెట్టుకో, మధ్యమధ్య సున్నం వదిలించే పొడి వేసి ఖాళీగా తిప్పు. మూడోది, దీని బరువు అరవై, డెబ్బై కిలోలు ఉంటుంది, అదిరిపోకుండా లోపల కాంక్రీటు దిమ్మ పెడతారు. ఇంటివాళ్లను అడక్కుండా పాత బాల్కనీలో పెట్టవద్దు. నాలుగోది మీ అత్తగారు. ముందు తలుపుకు వంగాలి. ఆవిడే బట్టలు వేసేటట్టయితే కింద ఎత్తు స్టాండు వేయించు, లేదా పైమూతదే తీసుకో. నీళ్ల కంటే మోకాళ్లు ముఖ్యం. పంపు పెట్టుకునే వీలు లేక, కుళాయి రోజుకు గంటే వచ్చే ఇల్లయితే మాత్రం సిగ్గుపడకుండా పాత రెండు తొట్లదే కొను. బకెట్‌తో నింపుకోవచ్చు, తెల్లబట్టల సబ్బునీళ్లు రంగుబట్టలకు వాడుకోవచ్చు. దుకాణంలో దాన్ని చిన్నచూపు చూస్తారు, చూడనీ.

ఏ బ్రాండని అడగొద్దు. సర్వీసు మనిషి మన పేటకు ఎన్ని రోజుల్లో వస్తాడో పక్కింటివాళ్లను అడుగు. ఎక్కడ తయారైందో మాత్రం తెలుసుకో, సరదాగా ఉంటుంది. శాంసంగ్‌వైతే మనకు దగ్గర్లోని శ్రీపెరుంబుదూరులోనే చేస్తారు. అక్కడి కార్మికులే 2024లో తమ సంఘానికి గుర్తింపు కోసం నెలకు పైగా సమ్మె చేశారు. ఎల్‌జీవాళ్లు 2025 మేలో తడ దగ్గర శ్రీసిటీలో దాదాపు 5,000 కోట్ల ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. వెనకటికి ఉతికిన బట్ట కోసం ఈ తీరానికి ఓడలొచ్చాయి. ఇప్పుడు ఉతికే మెషిన్లు ఇక్కడే తయారై బయటికి వెళ్తాయి.

ఇంకొక్క మాట. పద్దు చివరి పేజీలో మా అమ్మ దస్తూరీతో "బాకీ రూ. 18.50" అని ఉంది. అంతకుముందు బాకీలన్నిటి మీదా కొట్టివేత గీత ఉంది, దీని మీద లేదు. మొన్న ఆ పుస్తకం తీసుకుని ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లాను. తాత పోయి చాలా ఏళ్లయిందని అతను ఇదివరకే చెప్పాడు. బాకీ సంగతి చెబితే నవ్వి, "వదిలేయండమ్మా" అన్నాడు. అమ్మ పెట్టెలో దొరికిన పాత దిండుగలేబు కూడా పట్టుకెళ్లాను, అంచున రెండు చుక్కలు, అడ్డగీత. అది చూడగానే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, అంచు మీద వేలితో తడిమాడు. "ఇది తాత చేత్తో పెట్టిందేనా?" అన్నాడు. ఫోన్‌లో ఫొటో తీసుకుని వాళ్ల నాన్నకు పంపాడు. గలేబు అతనికే ఇచ్చి వచ్చాను.

మీ ఇళ్లలో పాత చాకలి పద్దు పుస్తకాలు ఉంటే పారేయకండి. వచ్చే నెల సమావేశానికి తీసుకురండి, బల్ల మీద పెట్టి అందరం చూద్దాం. ఆ అబ్బాయినీ పిలిచాను, వస్తానన్నాడు.